పురుగులక్కకు మిగిలిన సగం తోట

ఆ వీధిలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ పురుగులక్కే. తెల్లారగానే సబ్బునీళ్ల గిన్నె పట్టుకుని, క్యాబేజీ ఆకు ఒక్కొక్కటే తిరగేసి, పచ్చపురుగును రెండు వేళ్లతో పట్టి అందులో వేసేది. ఆకు అడుగున గుడ్లు కనబడితే బొటనవేలితో నలిపేది. వంగమొక్క మొవ్వు తల వాల్చిందంటే లోపల పురుగు దూరినట్టే. అంతవరకూ తుంచి పొయ్యిలో వేసేది. చిగుళ్లకు గుంపుగా పట్టి రసం పీల్చే పేనుబంకను మాత్రం ముట్టుకునేది కాదు.

"దాన్ని తినేవాళ్లు దారిలో ఉన్నారు, తొందరపడకండి" అనేది. నల్లచుక్కల అక్షింతల పురుగులు వచ్చి నిజంగానే తినేవి.

సరదాకు పట్టుకున్న పని కాదది. ఆమె భర్త పదకొండేళ్లు ఒక పెద్ద తోటలో పురుగుమందు కొట్టాడు. వీపున డబ్బా, మూతికి తువ్వాలు, అంతే. చివరి రెండేళ్లు చేతులు వణికి చొక్కా గుండీ పెట్టుకోలేకపోయాడు. ఆమే పెట్టేది. "చిన్నపిల్లాణ్ని చేశావే నన్ను" అని నవ్వేవాడు.

ఆయన పోయాక పుట్టింటికి వచ్చింది. తండ్రి వదిలిన పెరటి తోట ఆమెకూ తమ్ముడికీ ఉమ్మడి. వచ్చిన రోజే చెప్పింది.

"మందుసీసా ఈ గేటు దాటకూడదురా. దాటిందంటే నీకూ నాకూ చెల్లు."

తమ్ముడు సరేనన్నాడు. ఆమె పండించేది, అతను బండిమీద అమ్మేవాడు. బండికి అట్టముక్క కట్టి "మందు కొట్టని కూరగాయలు, పురుగులక్క తోటవి" అని రాశాడు. ఆకుల్లో చిల్లులు చూసి ఎవరైనా మొహం చిట్లిస్తే, "పురుగు రుచి చూసి బాగుందన్నాకే మీకు తెచ్చానండీ" అనేవాడు. నవ్వుకుంటూ కొనేవాళ్లు. వీధి చివరి టైలరమ్మ, మనవరాలికి ఒంటిమీద దద్దుర్లని, వేరే చోట కొనేదే కాదు.

ఆరేళ్లకు పేరొచ్చింది. బడిలో కూరగాయల మడులు వేస్తూ పంతులమ్మ ఆమెను పిలిచింది. పురుగులక్క వారానికో పూట వెళ్లి చూపించేది. "మొదట్లో నష్టపోతారు. ఓపిక పడితే తోటే తన సంగతి తను చూసుకుంటుంది. మా తోటే సాక్ష్యం" అని చెప్పేటప్పుడు ఆమె గొంతు కాస్త పెద్దదయ్యేది.

ఎనిమిదో ఏట మోకాలికి ఆపరేషనై పది రోజులు ఆసుపత్రిలో ఉంది. తిరిగొచ్చి, చేతికర్ర ఊతంతో నేరుగా తోటలోకి నడిచింది. క్యాబేజీ ఒక్క చిల్లు లేకుండా నిగనిగలాడుతోంది. క్షణం మురిసిపోయింది. ఆకు తిరగేసింది. గుడ్డు లేదు, పురుగు లేదు, చీమ కూడా లేదు. మట్టిమీద అక్షింతల పురుగులు వెల్లకిలా పడి ఉన్నాయి. ఆకు వాసన చూసింది. భర్త చొక్కాలు ఉతికితే చేతులకు అంటుకునే వాసన.

"ఏం కొట్టావురా?"

తమ్ముడు బండి తుడవడం ఆపలేదు. "పది రోజులు నువ్వు లేవక్కా. చేతులు కట్టుకుని కూర్చోమంటావా?"

"నాకో మాట చెప్పొచ్చుగా."

"చెబితే ఒప్పుకుంటావా? అయినా ఇవాళ కొత్తా? రెండేళ్లుగా మొదళ్లలో పోసే మందు పోస్తూనే ఉన్నా, నువ్వు బడికెళ్లిన పూటల్లో. దానికి వాసనుండదు. ఈసారి అది దొరక్క ఇది కొట్టా. నీ సబ్బునీళ్లకే నిలబడిందనుకున్నావా ఈ తోట?"

ఆమె చేతికర్ర పక్కన పెట్టి గట్టుమీద కూర్చుంది. మోసం ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు. రెండేళ్లుగా పేనుబంక తగ్గితే తను గెలిచాననుకుంది. ఆ గెలుపులో తనదెంతో, సీసాదెంతో ఇక ఎప్పటికీ తెలియదు.

మర్నాడు బండి పక్కన నిలబడి, వచ్చినవాళ్లందరికీ ఉన్నదున్నట్టు చెప్పింది. తమ్ముడు తల దించుకుని అట్టముక్క విప్పేశాడు. టైలరమ్మ ఆమె మొహంలోకి చూసింది.

"నీ తోటలో పోస్తుంటే నీకు తెలియలేదా?"

"తెలియలేదమ్మా."

"ఎవరికి చెబుతావులే."

బడివాళ్లు కూడా మళ్లీ పిలవలేదు. తోట మధ్య రేకులు లేచాయి, చెరి సగం. తమ్ముడు వేరే వీధిలో బండి పెట్టుకున్నాడు. చిల్లుల్లేని నదురైన సరుకు, ఇట్టే అమ్ముడుపోయేది. టైలరమ్మ కూడా అక్కడే కొంటోందని విని, ఎదురుపడినప్పుడు పురుగులక్క అడిగేసింది.

"ఎక్కడైనా మందే అన్నప్పుడు, చూడ్డానికి బాగున్నవే కొంటాం" అంది ఆవిడ.

అవతల మందు కొట్టినప్పుడల్లా అక్కడి పురుగులు రేకులు దాటి ఇవతలికొచ్చేవి. మొదటి ఏడు ఆమె చేతికి దక్కింది బుట్టెడు. ఆమె కొంగు బిగించి మళ్లీ మొదటి నుంచి ఆకులు తిరగేయడం మొదలుపెట్టింది. పండినదాన్ని కొనేవాళ్లు లేక తనే తినేది.

ఒక సాయంత్రం రేకుల సందులోంచి మరదలు పిలిచింది.

"వదినా, నాలుగు వంకాయలివ్వవూ?"

"అటువైపు బోలెడున్నాయిగా."

మరదలు చూపు తిప్పుకుంది. "అవి బండికి వదినా. ఇంట్లో పిల్ల తినాలి కదా."

"వాడికి తెలుసా?"

"ఆయనే అడగమన్నారు."

పురుగులక్క నాలుగు లేత వంకాయలు కోసి సందులోంచి అందించింది. ఆ పూట పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు.