పిడికెడు బియ్యం వద్దన్నది నేనే

మొన్న మొయినాబాద్‌లో మా సంస్థ కొత్తగా ఎంపిక చేసిన పిల్లలకు నాయకత్వ శిక్షణ మొదలుపెడుతూ, పాతవాణ్ని కదా అని నన్ను కూడా పిలిచారు. చేవెళ్ల పల్లెల్లో మంచాన పడ్డ ముసలివాళ్లకు ఊరివాళ్లిచ్చే పిడికెడు బియ్యంతోనే అన్నం పెట్టే పద్ధతి తెచ్చింది ఈయనే అని ఒక అమ్మాయి నన్ను పరిచయం చేస్తే, హాలంతా చప్పట్లు కొట్టింది, నేను నవ్వుతూ కూర్చున్నాను. కాదని చెప్పడానికి నోరు రాలేదు. కనీసం నా ఈడువాళ్లకైనా ఉన్నదున్నట్టు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. ఆ పద్ధతి తెచ్చింది మా మేనత్త, ఆమె తోటి ఆడవాళ్లు. దాన్ని ఆపించింది నేను.

మీలో చాలామంది ఇళ్లలో ఉండే ఉంటుంది, అన్నానికి బియ్యం కొలిచాక అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసే అలవాటు. మా ఊళ్లో ఆ బియ్యం ఆదివారం ఆరాధనకు వచ్చేటప్పుడు చర్చికి చేరేది. చర్చికి రాని ఇళ్లవాళ్లు మా అత్త వాకిట్లో పోసి వెళ్లేవారు. దొడ్డువి, సన్నవి, రేషన్ కోటావి అన్నీ ఒకే గంజులో పడేవి, ఒక గింజ ఉడికేలోపు ఇంకో గింజ చిమిడిపోయేది. మా ఊళ్లో సంస్థకున్న కేంద్రం గదిలో ఆడవాళ్లే వంతులవారీగా వండి, గిన్నెలు పట్టుకుని ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లేవారు. వెళ్లినవాళ్లు ఎంతకీ తిరిగి రాకపోతే, ముచ్చట్లలో పడ్డారని నేను విసుక్కునేవాణ్ని.

నన్ను ఆ కేంద్రానికి ఇన్‌చార్జిని చేసిన ఏడాదే శిక్షణకు పంపారు. ఒక దాత ఫాంహౌసులో, మామిడిచెట్ల మధ్య పాఠాలు. నలుగురిలో లేచి నిలబడితే గొంతు వణికే నేను అక్కడే మాట్లాడటం నేర్చుకున్నాను, పనిని విడగొట్టి చూడటం నేర్చుకున్నాను, ఇక ఊరంతా మార్చేయాలన్న ఉబలాటంతో తిరిగొచ్చాను. పట్నం దాతను ఒప్పించి ఒకే రకం బియ్యం బస్తాలు తెప్పించాను, వంటమనిషిని పెట్టాను, క్యారియర్లు పంచడానికి ఆటో మాట్లాడాను. ఒక ఆదివారం ఆరాధన ముగిశాక, ఇకమీదట మీరెవరూ బియ్యం తేనక్కరలేదని ప్రకటించాను. సంతోషిస్తారనుకున్నాను. మా అత్త డబ్బాను కొంగు కింద పెట్టుకుని వెళ్లిపోయింది, ఆనాటి నుంచి నాతో మాటలు మానేసింది.

అన్నం వేళకు వెళ్లేది, పొడిపొడిగా ఉండేది. కానీ నాకు అమ్మమ్మ వరుసయ్యే ఒక ముసలామె క్యారియర్ మాత్రం వెళ్లింది వెళ్లినట్టే తిరిగి రాసాగింది. వంటమనిషిని కోప్పడ్డాను, కూరలు మార్పించాను, ఆమె మాత్రం చిక్కిపోతూనే ఉంది. పక్క వాడలో ఒంటరిగా ఉండే తాత ఒకాయన ఆ వానకాలంలో పోయాడు. ముందురోజు పెట్టిన క్యారియర్ గడపలో అట్లాగే ఉందని ఆటో అతను వచ్చి చెబితేగాని మాకు తెలియలేదు. ఇప్పటికీ ఆ వాడ మీదుగా వెళ్లాల్సివస్తే నేను చుట్టుదారిన వెళ్తాను.

శిక్షణ రెండో విడతలో పాఠం చెప్పిన పెద్దావిడ మాకు ఒకటే పని ఇచ్చారు. మీ వల్ల మీకు దూరమైన మనిషి దగ్గరికి వెళ్లండి, వాళ్లు ఏమన్నా వినండి, మిమ్మల్ని మీరు సమర్థించుకోకండి అన్నారు. నాకు అత్త తప్ప ఇంకెవరూ గుర్తురాలేదు. నేను వెళ్లేసరికి ఆమె వాకిట్లో చిక్కుడుకాయలు తుంచుతోంది.

“ఏంది అల్లుడా, బస్తాలు ఒడిసినయా?” అంది, తలెత్తకుండానే.

జవాబు నాలుక చివరిదాకా వచ్చింది, మింగాను. ముసలామె తినడం లేదని మాత్రం చెప్పాను.

“బువ్వ లేక గాదు, మనిషి లేక తింటలేదు. గిన్నె పట్టుకపోతె జరసేపు కూసునేటోళ్లం, తల దువ్వేటోళ్లం. ఊకెనే ఎట్ల పోతం? పనిడిసిపెట్టి యాడికి పోతున్నవని ఇంట్లోళ్లు అడుగుతరు గద. మా చేతుల గిన్నె గుంజుకున్నవ్ నువ్వు.”

ఆమె ఇంకా చాలా అంది, చీకటిపడేదాకా విన్నాను. ఆ వచ్చిన ఆదివారం అందరి ముందు నిలబడి తప్పు నాదేనన్నాను. ఆ రోజు గొంతు మళ్లీ వణికింది. తర్వాత గిన్నె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. సారు అడుక్కుంటుండని నవ్వినవాళ్లు నవ్వారు, పిడికెడు వేసినవాళ్లు వేశారు. మా అత్త తన వంతు వండి, ఆ ముసలామె దగ్గరికి తానే వెళ్లింది. అన్నం చిమిడిందని ఆమె సణుగుతూనే గిన్నె ఖాళీ చేసిందట. ఆ తర్వాత ఆమె కొన్నేళ్లు బతికింది, బతికినన్నాళ్లూ సణిగింది.

మామిడిచెట్ల కింద నేను నేర్చుకున్నవాటిలో మాట్లాడటం కన్నా ఆ వినడమే నాకు మిగిలింది.

ఇప్పుడు కనకమామిడి ఊరి వైపు చేలకు ప్రహరీలు లేచాయి, ఆడపిల్లలు తెల్లవారకముందే చందనవెల్లి కంపెనీ బస్సులు ఎక్కుతున్నారు. పగలు ఎవరింట్లోనూ మనుషులుండరు కాబట్టి వంతులు సాయంత్రానికి మారాయి. మా అత్త కూడా మంచాన పడింది. నిన్న వంతు వచ్చిన అమ్మాయి డ్యూటీ దిగి, యూనిఫాం మీదనే వచ్చి, అత్తకు అన్నం తినిపించి, మంచం పట్టె మీద తల ఆనించి అట్లాగే నిద్రపోయింది. వెనకటిలా ముచ్చట్లు చెప్పడానికి ఈ కాలం పిల్లలకు తీరికెక్కడిది అనుకుంటూ నేను లేపబోతే, అత్త కళ్లతోనే వద్దంది. ఆ పిల్ల లేచేదాకా, ఆమె తల కింద చిక్కుకున్న తన చేతిని అత్త కదపలేదు.