పిలక ఇవ్వని వీరబ్రహ్మంగారు

మా వీరబ్రహ్మంగారు ఎవరికీ ఒక్క అరటి పిలక ఇచ్చి ఎరుగరు. పుచ్చుకునీ ఎరుగరు. నిడదవోలు చుట్టుపక్కల ఇంతకంటే పెద్ద వింత నేను చూడలేదు. మా వైపు చుట్టపుచూపుగా వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేటప్పుడు చేతిలో పిలక లేదంటే, ఆ ఇంట్లో మర్యాద సరిగ్గా జరగలేదనే లెక్క. నేను రిటైరైన రోజున పిల్లలు దండ వేశారు, తోటి టీచర్లు శాలువా కప్పారు, అటెండరు చక్కెరకేళి పిలక ఇచ్చాడు. దండా శాలువా ఏమయ్యాయో గుర్తులేదు. చక్కెరకేళి మాత్రం గెల వేసింది.

ఈయన ఉద్యోగమేమో అరటితోనే. ఊరి బయట పరిశోధన కేంద్రంలో, వల కట్టిన షెడ్డులో, వెర్రితల తెగులు సోకని అరటిని తయారుచేస్తారు. ఆ తెగులొస్తే ఆకులన్నీ చీపురుకట్టలా తలమీద గుంపుగా నిక్కుతాయి, చెట్టు గెల వేయదు. పైకి కనపడకుండానే పిలకల వెంట తోటనుంచి తోటకి పోతుంది. వైరస్‌లోని చిన్న ముక్కను ముందుగానే అరటి కణంలో పెడితే, అసలు వైరస్ వచ్చినప్పుడు మొక్క గుర్తుపట్టి అణిచేస్తుందట.

"అంటే అల్లరిపిల్లాడి ఫోటో గేటుకి అంటించినట్టన్నమాట," అన్నాను.

"అంతేనండి మాస్టారూ. వాచ్‌మన్ చూస్తుండాలి కదండీ," అన్నారు దిగులుగా.

ఆయన ఏదైనా దిగులుగానే అంటారు. మా మనవరాలి పెళ్ళికొచ్చి, అక్షింతలు చేతిలో ఉండగానే పందిరికి కట్టిన అరటిచెట్ల ఆకులు తిరగేసి, తెగులు మోసే పేనుబంక పురుగు ఉందని మా వియ్యంకుడితో పరామర్శకొచ్చినట్టు చెప్పి వెళ్ళిపోయారు.

నిరుడు వానాకాలంలో మా పక్కింటి అప్పాయమ్మ తోటలో ఆ తెగులు దిగింది. ఒంటరి మనిషి, ఆ అరెకరమే ఆధారం. జబ్బు మొక్కల్ని దుంపతో సహా పీకించమన్నారు వీరబ్రహ్మంగారు. ఆవిడ ససేమిరా అంది.

"పచ్చటి చెట్టుని ఎలా పీకుతానండీ? రేపోమాపో గెలేస్తుందేమో. మీ షెడ్డులోవి ఓ నాలుగు మొక్కలిప్పించండి, పుణ్యముంటుంది."

"అనుమతి లేకుండా అవి గేటు దాటకూడదండి."

"దాటిస్తే?"

"దాటించనండి."

ఆ రోజునుంచి ఆవిడ ఆయనతో మాట్లాడ్డం మానేసింది. ఆయన గురించి మాత్రం ఊరందరితో మాట్లాడింది.

ఇది చాలదన్నట్టు తోటలో దొంగ పడ్డాడు. వారానికి రెండు మూడు మొక్కలు మాయం. గెలలున్న చెట్ల జోలికి పోడట. వాడి చేతులు పడిపోవాలని అప్పాయమ్మ రోజూ తిట్టేది. మా అరుగుమీద కూర్చున్న వీరబ్రహ్మంగారు తలొంచుకుని వినేవారు.

కార్తీకంలో ఆయనకి కాగితం వచ్చింది. పరిశోధన గడువు ముగిసింది, పొడిగించరు, మొక్కలన్నీ కాల్చేయాలి. పదకొండేళ్ళ పని. పచ్చి అరటి ఒక పట్టాన మండదు. నరికి, ఎండబెట్టి, గోతిలో వేసి మూడు రోజులు కాల్చారు. ఊరంతా పొగ. అన్ని మొక్కల్లో ఒక్కదానికీ తెగులు లేదు. మూడోరోజు నేను గొయ్యి దగ్గరికి వెళ్ళేసరికి ఆయన చేతిలో నరకని మొక్క ఒక్కటే మిగిలింది.

"ఆ ఒక్కటీ నాకిచ్చేయండి, పెరట్లో వేసుకుంటాను. ఎవరు చూస్తారండీ?" అన్నాను.

"నేను చూస్తున్నాను కదండీ మాస్టారూ," అని చివరి మొక్క కూడా మంటలో వేశారు.

మర్నాడు తెల్లారగానే దొంగ దొరికాడని అప్పాయమ్మ నన్ను లాక్కెళ్ళింది. అరటి వరుసల మధ్య, మోకాళ్ళదాకా బురద, వీపున పేనుబంక మందు కొట్టే డబ్బా, చేతిలో గోనెసంచి, సంచిలో దుంపతో సహా వెర్రితల మొక్క. వీరబ్రహ్మంగారు.

"మొక్క ఇవ్వని మనిషి మొక్కలెత్తుకుపోవడం కూడానా?" అంది ఆవిడ.

"పీకనివ్వనన్నారు కదండీ. ఇదే ఆఖరుదండి. మిగతావి బాగున్నాయి," అన్నారాయన, మరింత దిగులుగా.

అప్పాయమ్మ ఆ చివరినుంచి ఈ చివరిదాకా నడిచి చూసింది. చుట్టుపక్కల తోటలన్నీ చీపుర్లై నిలబడితే, ఆవిడ చెట్లు గెలలు మోస్తున్నాయి. నాలుగు నెలల తిట్లు ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియక, ఉన్నవాటిలోకి పెద్ద గెల నరికి ఆయన స్కూటరుకి కట్టింది. అక్కడితో ఆగితే బాగుండేది. అలవాటు చొప్పున గునపంతో ఒక పిలక కూడా తవ్వి అందించబోయింది.

వీరబ్రహ్మంగారు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నారు.

"మర్యాదకండీ," అంది.

"గెల చాలండి."

ఆవిడ విసుక్కుని ఆ పిలకతో నా వైపు తిరిగింది. చెప్పుకుంటే మా వైపు పరువు పోతుంది గానీ, నా చేతులు కూడా వెనక్కే వెళ్ళాయి.