ఆరె, మైనపు దారం

అయ్యను కారెక్కించే ముందు ఒకే మాట చెప్పాను. "ఏం పని చేసేవాళ్ళని ఎవరైనా అడిగితే వ్యవసాయమని చెప్పు." అయ్య అంటే మా నాన్న. ఊరి నుంచి మా దగ్గరికి పెర్త్ వచ్చి అప్పటికి మూడు వారాలు. తలూపి సీటుబెల్టు పెట్టుకున్నాడు.

హారిస్‌డేల్‌లో ఉండే అంకుల్ ఇంట్లో ఆదివారం బార్బీ, పెరట్లో మాంసం కాల్చుకుని తినే విందు. అక్కడి తెలుగువాళ్ళందరికీ ఆయనే పెద్దదిక్కు. మాకు అద్దె ఇల్లు ఇప్పించింది, మా ఆయనకు ఉద్యోగం చూపించింది ఆయనే. కొత్తవాళ్ళెవరొచ్చినా ఊరు, ఇంటిపేరు, పెద్దవాళ్ళు చేసే పని, నవ్వుతూనే వరసగా అడుగుతాడు. మాది మాదిగ గూడెమని, అయ్య బస్టాండు పక్కన గొడుగు కింద చెప్పులు కుట్టి నన్ను చదివించాడని ఆరేళ్ళుగా దాచిపెట్టాను. తెలిస్తే నోటితో ఎవరూ ఏమీ అనరు. పిలవడం మానేస్తారు, అంతే. అలా పిలుపులు ఆగిపోయిన కుటుంబం ఒకటి ఉండేది. వాళ్ళను నేనూ పిలవలేదు.

చిన్నప్పుడు మా ఇంటి వెనక లంద ఉండేది, తోళ్ళు నానబెట్టే గుంట. ఆ వాసన నా జడకు కూడా పట్టేది. బళ్ళో నా పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. ఇప్పటికీ నలుగురిలోకి వెళ్ళే ముందు జుట్టు వాసన చూసుకుంటాను. పాడు అలవాటు.

అంకుల్ "రండి అన్నగారూ" అంటూ అయ్యకు తన పక్కనే కుర్చీ వేయించాడు. "వ్యవసాయమేనా?" అని అడిగాడు. "ఆఁ, ఏదో కొంచెం" అన్నాడు అయ్య, నా వైపు చూడకుండా. నాకు ఊపిరి వచ్చింది కానీ సగమే. అయ్య చూపు అప్పటికే అంకుల్ కాళ్ళ మీద ఉంది. ఊరి నుంచి తెప్పించుకున్న తోలు చెప్పులు. ఎడమదానికి పట్టీ ఊడుతోంది. అటు చూడకు అయ్యా అని లోపల్లోపలే దండం పెట్టుకున్నాను.

అంకుల్ లేచి రెండడుగులు వేశాడో లేదో పట్టీ తెగింది.

"పారెయ్యబాకండి, రెండు కుట్లేగా" అంటూ అయ్య వంగాడు. పంచె రొంటిన దోపుకున్న గుడ్డమూట విప్పాడు. తోలుకు బెజ్జం పొడిచే ఆరె, సూది, మైనం పట్టిన దారం. వాటిని సూట్‌కేసులో పెట్టుకొచ్చాడని నాకు తెలియదు. ఆరెతో పొడిచి, దారం లాగి, చిటికెలో ముడి బిగించాడు. అంత పనితనం ఊరికే రాదని చూసేవాళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది. మాటలన్నీ ఆగిపోయాయి. పొయ్యి మీద మాంసం చిటపటలే వినిపించాయి.

అంకుల్ కుట్టిన చెప్పు తొడుక్కున్నాడు. రెండోదాన్ని చేతికివ్వలేదు. కాలితో అయ్య ముందుకు నెట్టాడు. "ఇది కూడా చూడు." మొహంలో నవ్వు అలాగే ఉంది.

అయ్య దాన్ని తీసుకున్నాడు. నేను ఆయన చేతిలోంచి లాగేసి ఉండాల్సింది. భయంతో గట్టిగా నవ్వేసి, "అది ఆయన హాబీ అంకుల్" అన్నాను.

వచ్చేటప్పుడు మమ్మల్ని సాగనంపడానికి ఎవరూ గుమ్మం దాకా రాలేదు. కారులో అయ్య అడిగాడు. "హాబీ అంటే ఏందమ్మా?"

వెనక సీట్లోంచి నా ఏడేళ్ళ కూతురు చెప్పింది. "జస్ట్ ఫర్ ఫన్, తాతా!"

అర్థం కాక అయ్య నా వైపు తిరిగాడు. చెప్పక తప్పలేదు. "సరదాకి చేసే పని, అయ్యా."

అయ్య తన ఎడమ బొటనవేలు చూసుకున్నాడు. ఆరె దిగి దిగి గోరు రెండుగా చీలిన వేలు.

"సరదాకా?" అన్నాడు.