నడిసముద్రంలో పాయింట్ చూసిన రాత్రి

నమ్మేవాళ్లు నమ్మండి, నవ్వేవాళ్లు నవ్వండి. అబద్ధమైతే నా నోట్లో మన్ను పడనీ... ఇది నా అరచేతిలోనే జరిగింది!

మాది పాలకుర్తి. పని మాత్రం ఓడ మీద. అండమాన్ వైపు, ఇంతవరకు ఒక్క బావి కూడా తవ్వని ఒక సముద్రభాగంలో గ్యాస్ జాడ వెతుకుతాం. పొడవాటి ఇనుప గొట్టాన్ని తాడుతో అడుగుకు దించితే బురద పైకొస్తుంది. అందులో గ్యాస్ ఉందేమో చూస్తాం. ఎక్కడ దించాలో చెప్పేది నేనే.

నెల రోజులు దించాం. అన్నీ ఉత్తవే. ఇక ఒక్కసారే వీలుంది. తెల్లారితే ఓడ వెనక్కి. అదీ ఉత్తదైతే ఆ సముద్రాన్నే వదిలేస్తారు... నా తొలి ఉద్యోగం గోవిందా!

రాత్రి రెండు. మ్యాపు ముందు తల పట్టుకుని కూర్చున్నాను. గొట్టం దించే యంత్రం నడిపే సమ్మన్న వచ్చాడు. ఘనపూర్ ఆయన. చేతిలో పూజకు తెచ్చిన కొబ్బరికాయ.

"ఎందుకు తమ్మీ గింత పరేషాన్? బోరుకు పాయింట్ సూసినట్టు కాయతోని సూద్దాం పా."

"సముద్రంల పాయింటా అన్నా? సుట్టూ నీళ్లేనాయె!"

"నీళ్లకు కాదు, గ్యాస్‌కు. మా బాపు గిట్లనే సూస్తుండె, కాయ నిలవడ్తె కింద ఉన్నట్టే. సగం బోర్లల్ల దుమ్మే లేసిందనుకో..."

పడీపడీ నవ్వుకుంటూ డెక్ మీదికి వెళ్లాం. ఓడ మెల్లగా కదులుతోంది. ఆయన అరచేతిలో కాయను అడ్డంగా పెట్టుకుని నడిచాడు. అడుగు... ఇంకో అడుగు... ఏమీ లేదు.

"ఇగ నువ్వు పట్టు" అని నాకిచ్చాడు.

పట్టుకున్నాను. కాసేపటికి... అలల చప్పుడు ఆగిపోయింది. నిజం, ఆగిపోయింది! కాయ కదిలింది... పీచు నా చేతిని గీసింది... మెల్లగా... మెల్లగా... నిటారుగా నిలబడింది.

వేలితో వంచబోయాను. వంగలేదు. గట్టిగా నొక్కాను... ఊహూఁ.

"అన్నా... నువ్వేమన్న చేస్తున్నవా?"

"నేనేడున్ననో సూడు." ఆయన పది అడుగుల దూరంలో ఉన్నాడు.

ఓడ ఆపించి అక్కడే గొట్టం దించాం. పైకి రావడానికి గంట పైనే పట్టింది. మూత తీశాం. బుస్స్... స్స్... బురదంతా బుడగలు! గ్యాస్! గంతేశాను, కేకలేశాను, సమ్మన్నను వాటేసుకున్నాను.

ఆయన నవ్వలేదు. గొట్టం మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"తమ్మీ... గిది ఎచ్చగున్నది."

అంత లోతు నుంచి వచ్చే బురద మంచులా ఉంటుంది. పట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. నేనూ ముట్టుకున్నాను. అప్పుడే పిండిన పాలలా వెచ్చగా ఉంది. అందరినీ పిలిచేలోపే చల్లబడిపోయింది.

ల్యాబ్‌లో గ్యాసేనని తేలింది. రెండేళ్లు అక్కడ కొలతలు తీశారు. వచ్చే నెల సరిగ్గా అక్కడే తొలి బావి.

"నేను రాను తమ్మీ. అడుగున ఉన్నదేందో మనకెర్కలేదు" అన్నాడు సమ్మన్న.

నేను వెళ్తున్నాను. ఓడ ఊగి కాయ నిలబడిందనుకుంటాను... మరి ఆ వేడి? భయమే. అయినా ఎప్పుడు వెళ్తానా అని కాలు నిలవడం లేదు. రాత్రుళ్లు సంతోషంతో నిద్ర పట్టడం లేదు. ఇంత తొందర నాకెప్పుడూ లేదు... ఈ తొందర నాదేనా, అడుగున ఉన్నదానిదా? ఏమో, నిజంగా నాకు తెలియదు.