జింకకు చోటు

మేడం విల్లు కొన్న రోజు ఆమెకు పిచ్చి పట్టిందనే అనుకున్నాను. కరోనా తగ్గి ఆఫీసులు తెరిచాక, ఇంట్లో కూర్చుని కూర్చుని నడుము పట్టేసిందని విలువిద్య నేర్పే క్లబ్బులో చేరింది. ఏడాది తిరిగేసరికి దుబాయ్ అల్ కుసైస్‌లో మా ఫ్లాటు హాల్లో సోఫా వెనక మూడు విల్లులు, బాణాల పెట్టెలు రెండు చేరాయి. వాటి దుమ్ము దులపాల్సింది నేనే కాబట్టి నాకూ వాటి గురించి నాలుగు ముక్కలు తెలిశాయి.

ఆ ఇంట్లో నేను వంటమనిషిని. కోనసీమలో ఒక లంక ఊరి నుంచి దుబాయ్ వచ్చి పదకొండేళ్లు దాటింది. మేడం, సార్ ఇద్దరూ హైదరాబాదు వాళ్లు. వయసులో పెద్దదాన్నని నన్ను అక్కా అని పిలుస్తారు. నేను మాత్రం మేడంగారూ, సారూ అనే అంటాను. నోరు అలా అలవాటు పడిపోయింది.

ఒక శనివారం పొద్దున ఇడ్లీలు తింటూ మేడం సంగతి బయటపెట్టింది. కెనడాలో ఎక్కడో రోడ్డే లేని అడవి ఉందట. అంతా చెరువులే. పడవ మీద తప్ప లోపలికి పోలేరు. ఆకులు రాలే కాలంలో విల్లుతో జింకను వేటాడుకోవడానికి పర్మిట్ ఇస్తారట. మన దేశంలో జింక మీద చెయ్యి వేస్తే జైలు, ఇక్కడా కుదరదు, అక్కడైతే కాగితం చేతిలో పెట్టి మరీ పంపిస్తారు. తను కొట్టిన జింకను తనే కోసి వండుకుని తినాలని ఆమె కోరిక. సార్‌కి లిస్టులంటే ప్రాణం. చెయ్యి కడుక్కోకుండానే ల్యాప్‌టాప్ తెరిచి గీతలు గీయడం మొదలుపెట్టాడు. అయితే ఆయనకు నీళ్లంటే భయం, బిల్డింగు మీదున్న స్విమ్మింగ్ పూల్‌లో కూడా ఏనాడూ దిగలేదు. పడవ ఎవరు నడుపుతారని ఆయన అడిగినప్పుడు నేను చట్నీ గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాను. నా నోరు ఊరుకుంటుందా?

"ఆయ్, నేను నడుపుతానండి" అన్నాను.

అది గొప్పకు అన్న మాట కాదు. మా నాన్నది రేవు పడవ. పదేళ్లకే నా చేతికి గెడ ఇచ్చాడు. వెనక నిలబడి ఆ పొడుగాటి వెదురుతో అడుగు నేలను పొడుస్తూ, బడి పిల్లల్నీ కొబ్బరికాయల్నీ దూడల్నీ అవతలి గట్టుకు చేర్చేదాన్ని. నాకు పదహారేళ్లు వచ్చాయి, తమ్ముడికి పన్నెండు. ఒక పొద్దున జనం కిక్కిరిసి పడవ నీళ్లలోకి దిగిపోతుంటే నాన్న నా వైపు చూసి దిగమన్నాడు. దిగాను. గెడ తమ్ముడికిచ్చాడు. మళ్లీ ఎక్కమని ఎవరూ అనలేదు. తర్వాత పెళ్లి, ఇద్దరు ఆడపిల్లలు, వాళ్ల చదువులు, దుబాయ్. ఎవరికైనా చెప్పుకునేంత పెద్ద విషయం కాదు గానీ, ఆ రోజు ఒడ్డున నిలబడి చూసిన పడవ వెనక భాగం నాకు ఇప్పటికీ గుర్తే.

అందుకని ఆ వారమంతా నా కాళ్లు నేల మీద నిలవలేదు. ఆదివారం సెలవుకి సత్వాలో మా ఊరివైపు ఆడవాళ్ల రూముకి వెళ్లి చెబితే, అడవికెళ్లి జింకకి పోపు పెడతావా అని ఆటపట్టించారు. పెడతానన్నాను. ఇళ్లలో పనిచేసేవాళ్లను యజమానులు దేశాలు తిప్పడం ఇక్కడ మామూలే కాబట్టి వీసాకు పెద్ద ఇబ్బంది రాలేదు. సార్ రాసిన ఉత్తరాలతో ముగ్గురి పాస్‌పోర్టుల మీదా స్టాంపు పడింది. నాది దిండు కింద పెట్టుకుని పడుకున్నాను.

తిండి లిస్టు నాది. వేయించిన రవ్వ, అటుకులు, కందిపొడి, ఆవకాయ రాయించాను. ఎండు రొయ్యలు కూడా అంటే సార్ కొట్టేశాడు. ఆ వాసనకు ఎలుగుబంట్లు వస్తాయట. ఇంట్లో ఆయన కూడా అదే వాసనకి వంటింట్లోకి వస్తాడని మనసులో అనుకుని ఊరుకున్నాను.

పడవ సాధన కోసం శనివారాలు తెల్లవారకముందే ఉమ్మ్ అల్ కువైన్ వెళ్లేవాళ్లం. అక్కడ మడ చెట్ల మధ్య సముద్రపు నీళ్లు చెరువులా నిలిచి ఉంటాయి. మడ చెట్లు, బురద వాసన, కొంగలు. కారు దిగగానే మా కోరంగి వైపు వచ్చినట్టే అనిపించి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అద్దెకిచ్చేవాడి దగ్గర కెనడాలో మేము తీసుకోబోయే కొలతలోనే పడవ ఉంది. మేడం ముందు, సార్ మధ్యలో, నేను వెనక. అద్దెవాడు యల్లా అని తోశాడు. నేను అలవాటు కొద్దీ తెడ్డును గెడలా పట్టుకుని లేచి నిలబడ్డాను.

మా లంక పడవ అడుగు బల్లపరుపుగా ఉంటుంది, దాని మీద నిలబడి పిల్లను కూడా ఎత్తుకోవచ్చు. ఈ పడవ అడుగు గుండ్రం. కన్ను మూసి తెరిచేలోగా ముగ్గురం నడుము లోతు నీళ్లలో ఉన్నాం. నా పులిహోర డబ్బా కొంగల వైపు తేలుకుంటూ పోయింది. మేడం పడీ పడీ నవ్వింది. సార్ మాత్రం తడిసిన కళ్లజోడు తుడుచుకుంటూ ఖలాస్, అక్క రాదు అనేశాడు.

నాకు సిగ్గు కంటే కోపం ఎక్కువ వచ్చింది, అదీ నా మీద నాకే. మర్నాటి నుంచి పని అయ్యాక వంటింట్లో మోకాళ్ల మీద కూర్చుని చీపురుకట్టతో తెడ్డు వేయడం మొదలుపెట్టాను. ఇటు పది, అటు పది. మేడం ఒకసారి మంచినీళ్ల కోసం వచ్చి చూసి, ఫోనులో తెడ్డు తిప్పే పద్ధతి వీడియో పెట్టి గట్టు మీద ఉంచి వెళ్లింది. మూడో శనివారం సార్ భయపడుతూనే ఎక్కాడు. నేను మోకాళ్ల మీద కూర్చుని, మడ చెట్ల సందుల్లోంచి రెండు గంటలు తిప్పి, వేలు కూడా తడవకుండా ఒడ్డుకు తెచ్చాను. దిగాక ఆయన లిస్టులో నా పేరు పక్కన టిక్కు కొట్టడం చూశాను. ఆ టిక్కు చూసి నేను పొంగిపోయిన సంగతి ఆయనకు తెలీదు.

బయల్దేరడానికి రెండు వారాల ముందు చివరి సాధన. డేరా, పొయ్యి, తిండి, విల్లులు అన్నీ లిస్టు ప్రకారం సర్దాం. ముగ్గురం ఎక్కాక అంచుకు, నీళ్లకు మధ్య చెయ్యి పెట్టి చూశాను. సరిగ్గా జానెడు. బరువు ఎంతైనా జానెడు పొడిగా ఉండాలనేది మా నాన్న లెక్క. ఆ సంతోషంలోనే, సర్దిన మూటల వంక చూస్తూ అడిగాను.

"మరి వచ్చేటప్పుడు జింక ఎక్కడ కూచుంటదండీ?"

ఇద్దరూ నవ్వారు. తర్వాత ఆగారు. సార్ ఫోను తీసి లిస్టు పైనుంచి కిందికి చూశాడు. అరవై మూడు వస్తువులున్నాయి, జింక లేదు. అక్కడ అడవిలో మాకు దారి చూపించే గైడుది ఒంటిమనిషి పడవ, అందులో ఆమె సామానుకే చోటుండదు.

అద్దెవాడి దగ్గర నీళ్ల క్యాన్లు ఉంటే నాలుగు అడిగి తెచ్చి జింక బదులు పడవలో పెట్టాం. ఎనభై కిలోలు. మళ్లీ ఎక్కాం. పడవ తేలింది, కదిలింది, ఏమీ కాలేదు. మేడం వెనక్కి తిరిగి చూసింది.

"సరిపోతదా అక్కా? నువ్వు ఎట్లంటె అట్ల."

నేను అంచు మీంచి చెయ్యి కిందికి పెట్టాను. జానెడు కాదు, బెత్తెడే. మా నాన్న లెక్క వాళ్లకు తెలియదు. సరిపోతుందండి అంటే నమ్మేస్తారు. ఈ నీళ్లు కదలవు కూడా. కానీ అక్కడివి మైళ్ల కొద్దీ పొడవున్న చెరువులు, చల్లటి నీళ్లు, పైగా ఒకాయనకు ఈత రాదు.

"చాలదండి. పెద్ద చెరువులో గాలొత్తే నీళ్లు లోపలికొచ్చేత్తాయి. ఒకళ్లు దిగాలండి."

ఎవరు అని నేను అడగలేదు. విల్లు మేడంది. డబ్బూ ఏర్పాట్లూ సార్‌వి. మిగిలింది ఎవరో లెక్క వేయక్కర్లేదు. ఒడ్డు పక్కనే ఉంది. తెడ్డు పడవలో పెట్టి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ఒక కాలు బయటికి తీశాను.

"నువ్వు కూసో అక్కా" అన్నాడు సార్. "దిగాల్సింది నేను. నా బరువు జింక కన్నా పన్నెండు కిలోలు ఎక్కువున్నది."

నీళ్లంటే భయపడే మనిషి, రెండు చేతులతో అంచు పట్టుకుని మెల్లిగా మోకాలి లోతులో దిగాడు. కెనడాలో పడవ ఎక్కే చోట ఉన్న లాడ్జిలో పొయ్యి వెలిగించుకుని మా కోసం ఎదురుచూస్తానన్నాడు. ఫోను తీసి తన పేరు కొట్టేసి, అక్కడే జింక అని రాసి మేడంకి చూపించాడు. ఆమె నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ఆయన పడవను తోశాడు. నేను మోకాళ్లు సర్దుకుని, అంచు మీంచి చెయ్యి పెట్టి చూశాను. జానెడు, ఇంకా కొంచెం ఎక్కువే. నన్ను దించకుండా ఒక పడవ తేలికవడం అదే మొదటిసారి చూశాను.