ఏడు గంటల మాత్ర

మొన్న మా వీధి చివర మందుల షాపులో నిలబడి ఉన్నాను. నా ముందు ముప్ఫై ఏళ్ళ అబ్బాయి, మెడలో ఆఫీసు కార్డు, చెవిలో ఫోను. "ఊరి నుంచి అమ్మ వచ్చింది, లూజ్ మోషన్స్. ఏదైనా స్ట్రాంగ్‌గా ఇవ్వండి" అంటున్నాడు. షాపాయన అటు తిరిగి అరలోంచి ఒక పట్టీ తీశాడు. ఆ పట్టీని నేను పది అడుగుల దూరం నుంచి పోల్చగలను. "బాబూ, మీ అమ్మగారు రక్తం పలచబడే మాత్ర ఏమన్నా వాడుతున్నారా?" అని అడిగేశాను. అబ్బాయి నన్ను ఎగాదిగా చూసి, "లేదాంటీ, బీపీకి ఒక్కటే" అన్నాడు. "గుండెకి ఆపరేషన్‌గానీ, కాలి నరంలో గడ్డకట్టడంగానీ?" "లేదాంటీ." "ఒక్కసారి ఫోన్ చేసి కనుక్కోరాదూ?" వెనకాల వరసలో ఉన్నవాళ్ళు విసుక్కున్నారు. పాపం ఫోన్ చేశాడు. వాళ్ళమ్మకి బీపీయే. అతను వెళ్ళాక షాపాయన నా మందులు కవర్లో వేస్తూ, "ఏం మేడమ్, ఇవాళ కూడా ఇంటర్వ్యూనా?" అన్నాడు. నవ్వాను. నవ్వుతూ ఇంటికొచ్చి, గేటు దగ్గర తాళం తియ్యలేక కాసేపు అలాగే నిలబడ్డాను.

ఈ పిచ్చి నాకు పుట్టుకతో వచ్చింది కాదు. మాది గుంటూరు వైపు. నర్సింగు చదువుకుని, ఉద్యోగం వచ్చి, ట్రంకు పెట్టెతో బెంగళూరు దిగాను. పిల్లల వార్డుల్లో ముప్ఫై ఏళ్ళకు పైగా చేసి రిటైరయ్యాను. పెళ్ళి చేసుకోలేదు. తీరిక దొరకలేదని చెబుతుంటాను, ఎవరూ నమ్మరు. మా చెల్లి నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది. దానికి చిన్నప్పుడు గొంతునొప్పితో మొదలై కీళ్ళ దాకా పాకిన ఒక జ్వరం, పోతూ పోతూ గుండె వాల్వుని కొరుక్కుతిని పోయింది. దాని ముప్ఫయ్యో ఏట ఆ వాల్వు తీసేసి యంత్రపు వాల్వు పెట్టారు. యంత్రం తగిలితే రక్తం గడ్డకడుతుంది, గడ్డ కట్టకుండా బతికున్నన్నాళ్ళూ మాత్ర వెయ్యాలి. అలా అది నా దగ్గరికొచ్చింది, దాని వెంట వార్ఫరిన్ మాత్ర వచ్చింది. మారతహళ్ళిలో రెండు గదుల ఇల్లు, కింద ఇంటి ఓనరమ్మ, పైన మేమిద్దరం, మాత్రతో కలిపి ముగ్గురం.

చెల్లి బడిలో లెక్కల టీచరు. పరీక్ష హాల్లో నిశ్శబ్దంగా ఉన్నప్పుడు పిల్లలు, "మేడమ్, మీ వాచీ చాలా గట్టిగా కొట్టుకుంటోంది" అనేవారట. అది వాచీ పెట్టుకునేదే కాదు, ఆ చప్పుడు వాల్వుది. ఇంట్లో సాయంత్రం ఏడు కొట్టేసరికి నేను మాత్రల డబ్బాతో, గ్లాసు నీళ్ళతో దాని ముందు నిలబడేదాన్ని. నెలకోసారి రక్తపరీక్ష. ఐఎన్ఆర్ అనే ఆ అంకె రెండున్నరకీ మూడున్నరకీ మధ్య ఉండాలి. తక్కువైతే గడ్డ, ఎక్కువైతే రక్తస్రావం. అది రిపోర్టుని మార్కుల షీటనేది. "రెండు పాయింట్ ఎనిమిది. ఫస్ట్ క్లాసక్కా, మిఠాయి పంచు." ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె ఈ మాత్రకి శత్రువు. మానక్కర్లేదు, రోజూ ఒకే కొలతలో తింటే చాలు. అందుకని నేను గోంగూర పచ్చడిని చెంచాతో కొలిచి వడ్డించేదాన్ని. గుంటూరులో పుట్టినదానికి గోంగూర చెంచాతో కొలవడం! "గోంగూరకి కూడా డ్యూటీ చార్టు వేశావు" అని తిట్టేది. నొప్పి మాత్రలు నిషేధం. మెత్తటి బ్రష్షు. కత్తిపీట నాది, కత్తెర నాది. బస్సులో నిలబడకూడదు. పంతొమ్మిదేళ్ళు దాన్ని ఒక గాజుసామాను పెట్టెలాగా మోశాను. మోస్తున్నానని నాకు గర్వంగా కూడా ఉండేది. అది ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

నేను రిటైరైన మరుసటి ఏడు, దాని బడిలో ఒకావిడ గృహప్రవేశానికి వెళ్ళి భోజనం చేసొచ్చాక, చెల్లికి విరేచనాలు పట్టుకున్నాయి. రెండో రోజుకి నీరసపడిపోయింది. అలమరలో మెట్రోనిడజోల్ పట్టీ ఉంది. వార్డులో నా చేతులతో ఎన్ని వందల మంది పిల్లలకి వేశానో లెక్కలేదు. తీసి ఇచ్చాను. అది మాత్ర చేతిలో పట్టుకుని, "డాక్టర్ని ఒకమాట అడగవా?" అంది. "లూజ్ మోషన్స్‌కి డాక్టరెందుకే? ముప్ఫై ఏళ్ళు నేనేం చేశాననుకున్నావు?" అన్నాను. వేసుకుంది. రోజుకి మూడు చొప్పున ఐదు రోజులు వేశాను. జలుబు మాత్రక్కూడా డాక్టరుకి ఫోన్ చేసే నేను, ఆ ఒక్కదానికీ చెయ్యలేదు. పిల్లల వార్డులో వార్ఫరిన్ వాడే పిల్లలు నాకు తగల్లేదన్నది నిజమేగానీ, సాకు కాదు. ఈ మాత్ర ఒంట్లో ఉంటే వార్ఫరిన్ కరగడం మందగించి, వేసిన మోతాదే రెండింతలైనట్టు పనిచేస్తుంది. నాలుగో రోజు అది ముంజేయి చూపించింది. రూపాయి బిళ్ళంత నల్లగా కమిలి ఉంది. "బస్సులో తగిలుంటుంది" అన్నాను. పళ్ళు తోముకుంటుంటే ఉమ్మిలో ఎరుపు కనిపించిందంది. "కొత్త బ్రష్షు కదూ" అన్నాను. రెండుసార్లు తలుపు తట్టి చెప్పింది దాని ఒళ్ళు. రెండుసార్లూ నేనే లోపల గడియ పెట్టుకున్నాను.

సోమవారం పొద్దున దోసెలు పోస్తూ తలనొప్పి అంది. తలనొప్పి అంటూనే అట్లకాడ వదిలేసింది. వంగి తీసుకోబోయింది, ఎడమ చెయ్యి దాని మాట వినలేదు. మూతి ఒక పక్కకి జారింది. స్టవ్ ఆపాను. ఓనరమ్మని కేకేశాను. ఆవిడ వాళ్ళ తాతల కాలం నుంచీ ఇక్కడే స్థిరపడిన తెలుగు మనిషి, ఈ ఊరి గొంతు ఆవిడది. క్యాబు ముందు సీట్లో కూర్చుని, అద్దం దించి, తల బయటపెట్టి, వంతెన దగ్గర ఇరుక్కుపోయిన వాహనాలన్నిటినీ దారి వదలమని కన్నడంలో తిడుతూనే ఉంది. ఒక్కటీ కదల్లేదు. వెనక సీట్లో చెల్లి తల నా ఒళ్ళో. నిద్రపోనివ్వకూడదని, "ఎక్కం చెప్పవే, పదమూడో ఎక్కం" అన్నాను. "పదమూడు ఒకట్ల పదమూడు... పదమూడు రెళ్ళు ఇరవయ్యారు..." ముద్దముద్దగా చెప్పింది. పదమూడార్లు డెబ్భై ఎనిమిది దాకా వచ్చింది. "పదమూడేళ్ళు?" అన్నాను. పెదవులు కదిలాయి. "పదమూడేళ్ళు ఎంతే? చెప్పవే!" అని అరిచాను. ఏడేళ్ళ పిల్లలు చెప్పే లెక్క అది. నా మొహంలోకి చూసింది, నేనెవరో గుర్తు తెచ్చుకుంటున్నట్టు. చెప్పలేదు.

క్యాజువాల్టీలో ఐఎన్ఆర్ ఎనిమిది దాటిందన్నారు. తలలో కుడివైపు రక్తస్రావం. చిన్న వయసు డాక్టరమ్మ నా దగ్గరికొచ్చి, "సిస్టర్, ఈ వారంలో కొత్తగా ఏమైనా మందులు వాడారా? యాంటీబయాటిక్స్, పెయిన్ కిల్లర్స్?" అనడిగింది. సిస్టర్ అంటే నర్సుననో, అక్కననో తెలియలేదు. ఆ ప్రశ్న చెవిన పడిన క్షణంలో నాకు మొత్తం అర్థమైంది. ఎప్పుడో చదివి మరిచిపోయిన పేజీ కళ్ళ ముందు తెరుచుకుంది. ఖాళీ పట్టీ ఇంట్లో చెత్తబుట్టలో ఉంది. "లేదు" అన్నాను.

ఆవిడ రాసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను గోడకి ఆనుకున్నాను. ఆ అబద్ధం నా నోట్లోంచి అంత తేలిగ్గా ఎలా వచ్చిందో, ఎన్నేళ్ళుగా అక్కడ ఎదురుచూస్తూ ఉందో! ఎంతసేపు నిలబడ్డానో, తరవాత పరిగెత్తాను. తెర తోసుకుని లోపలికి పోయి, "మెట్రోనిడజోల్. ఐదు రోజులు. రోజుకి మూడు. నేనే ఇచ్చాను. నేను నర్సుని" అన్నాను. డాక్టరమ్మ రాసిన మాట కొట్టేసి కొత్తగా రాసుకుంది. చెల్లి చేతికి సూది పెట్టి విటమిన్ కె ఎక్కించారు. గోంగూరలోంచి వస్తుందని పంతొమ్మిదేళ్ళు చెంచాతో కొలిచి కాపలా కాసిన ఆ విటమిన్ని చుక్కలు చుక్కలుగా నరంలోకి పంపుతుంటే, చూస్తూ కూర్చున్నాను.

ఆ తరవాతి రోజులకి పేరు పెట్టడం నాకు చేతకాదు. వార్ఫరిన్ ఆపేశారు. ఇస్తే తలలో రక్తం మళ్ళీ కారుతుంది. ఇవ్వకపోతే వాల్వు మీద గడ్డ కట్టి, అది ఎగిరి మెదడుకే పోవచ్చు. "కనీసం వారం పది రోజులు ఆపాలి సిస్టర్. రిస్క్ రెండువైపులా ఉంది" అంది డాక్టరమ్మ. ఏడు గంటలవుతుంది, ఇవ్వడానికి నా చేతిలో మాత్ర ఉండదు. లోపలికి వదిలినప్పుడల్లా వంగి దాని గుండె మీద చెవి పెట్టేదాన్ని. టిక్కు టిక్కుమని స్పష్టంగా వినబడితే వాల్వు తెరుచుకుంటోందన్నమాట, మెత్తబడితే గడ్డ కట్టినట్టే. పక్క మంచం శబ్దాలకి సరిగ్గా వినపడక, మెత్తబడిందేమోనని మళ్ళీ మళ్ళీ చెవి ఆనించేదాన్ని. మా చర్చి పాస్టరుగారు ప్రార్థనకి వస్తున్నారని తెలిసి బాత్రూములో దాక్కున్నాను. దేవుడితో మాట్లాడాలంటే ముందు ఆ మాత్రల సంగతి ఎత్తాలి, ఆ ధైర్యం నాకు లేదు.

ఐదో రోజు ఓనరమ్మ ఫ్లాస్కులో రాగి గంజి తెచ్చింది. మూత తీసి, కప్పులో పోసి చేతిలో పెట్టింది. ఆవిడకి చెప్పేశాను. కారిడార్లో బెంచీ మీద కూర్చుని, గంజి చల్లారిపోతుంటే, మొత్తం చెప్పాను. ఆవిడ విని, "తప్పు అయింది. అది ఉండాది, యాడికీ పోదు. పిల్లకి ఊపిరి ఉండాది కదా, ముందు నువ్వు గంజి తాగు" అంది. తాగాను. కప్పు కడిగి తెచ్చుకుని, కూర్చోకుండా నిలబడే, "ఆ యమ్మ లేచి నడిచినాక నువ్వే చెప్పాల. ఇంకొకరి నోట్లో ఇనకూడదు ఆ మాట" అంది.

పదో రోజు మందు మళ్ళీ మొదలుపెట్టారు. ముందు సూదితో, తరవాత మాత్ర. రక్తం కారలేదు, గడ్డ కట్టలేదు. నాలుగో వారం ఇంటికొచ్చాం. మాట తిరిగింది, నడక తిరిగింది. ఎడమ చేతి వేళ్ళు మాత్రం సగమే తిరిగొచ్చాయి.

లేచి నడిచి వంటింటి గుమ్మం దాకా వచ్చిన రోజున చెప్పాను. "ఆ విరేచనాల మాత్రల వల్లే వచ్చింది. నేనిచ్చినవే. డాక్టర్ని అడగమన్నావు, అడగలేదు" అన్నాను. అది గుమ్మం పట్టుకుని నిలబడే ఉంది.

"ఆస్పత్రిలో చెప్పావా?"

"చెప్పాను."

"అడగ్గానే చెప్పావా?"

లెక్కల టీచరు కదా, అంకె దగ్గరికే వస్తుంది. "లేదు. మొదట లేదన్నాను."

"ఎంతసేపటికి చెప్పావు?"

"రెండు నిమిషాలు. ఐదేమో."

నా మొహంలోకి చూసింది, ఈసారి నేనెవరో బాగా తెలిసినట్టు. "డబ్బా ఇటివ్వు" అంది. పంతొమ్మిదేళ్ళు నా దగ్గరున్న మాత్రల డబ్బా తీసుకుని తన గదిలోకి వెళ్ళింది.

ఆ రోజు నుంచీ ఏడింటికి నేను ముందు గదిలో కూర్చోవాలి, లేవకూడదు. లోపల్నించి పట్టీ చప్పుడు వినిపించేది. పట్టు లేని ఎడమ చేత్తో పట్టీని బల్లకేసి అదిమి, కుడి బొటనవేలితో నొక్కేది, జారేది, మళ్ళీ నొక్కేది. ఒక్కోసారి పళ్ళతో చింపేది. మాత్ర కిందపడి మంచం కిందకి దొర్లిన చప్పుడు, అది మోకాళ్ళ మీద వంగిన చప్పుడు. నా చేతుల్ని నా తొడల కింద పెట్టుకుని కూర్చునేదాన్ని. ఒకరోజు అది స్నానానికి వెళ్ళినప్పుడు పట్టీ తీసి మిగిలినవి లెక్కపెట్టాను. నా వెనక బాత్రూము తలుపు తెరుచుకుంది.

"సరిపోయిందా?"

"సరిపోయింది" అన్నాను.

"నా మీద నీకు నమ్మకం లేదు. నాకు నీ మీద లేదు. కొన్నాళ్ళు ఇలాగే ఉందాం అక్కా" అంది. కోపంగా కూడా అనలేదు. తడి జుట్టు తుడుచుకుంటూ అంది. కోప్పడితే కాళ్ళు పట్టుకునేదాన్ని.

ఏడాది తిరిగింది. అది మళ్ళీ బడికి వెళ్తోంది. ఒక వాన సాయంత్రం కరెంటు పోయింది, పేపర్ల కట్టలు రెండు వేసుకుని ముందు గదిలోనే దీపం దగ్గర దిద్దుకుంటోంది. ఏడైంది. డబ్బా తెచ్చుకుంది. కొత్త పట్టీ, రేకు మందం. రెండుసార్లు నొక్కింది, మూడోసారి నొక్కింది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. "అక్కా" అంది. తిరిగి చూస్తే పట్టీ నా వైపు చాపి ఉంది. "చింపు." చింపాను. "పడేసేవు, చీకట్లో నేను వెతకలేను" అంది. అరచేతిలో వేశాను. వేసుకుని, నీళ్ళు తాగి, ఎర్ర పెన్ను తీసుకుని మళ్ళీ దిద్దుకోవడంలో పడింది. క్షమించానని అనలేదు, నేనడగలేదు. మర్నాడు తన పట్టీ తనే చింపుకుంది.

కాలం అన్నీ మాన్పుతుందంటారు. నేను చూసిన కాలానికి అంత తీరిక ఉన్నట్టు లేదు. ఒక సాయంత్రం నుంచి ఇంకో సాయంత్రం దాకా మనిషిని మోసుకొచ్చి, అక్కడ దింపి, మళ్ళీ ఎత్తుకుంటుందో లేదో చెప్పకుండా పక్కన నిలబడుతుంది.