ధబ్‌లు నిద్రపోయిన వారం

శకునాలంటే నాకు అసహ్యం. మర్యాదగా చెప్పవలసిన మాట కాదు గనుక మర్యాదగా చెప్పను. కడప జిల్లాలోని మా ఊళ్ళో ఏళ్ళ తరబడి సభల్లో వాటిని ఎండగట్టాను. నిప్పుల మీద నడిచి, ఇందులో మహిమ ఏమీ లేదని జనానికి చూపించాను. కువైట్‌లో ఒక ఇంటికి డ్రైవరుగా చేరాక ఆ చెత్తంతా వెనకే ఉండిపోయిందనుకున్నాను. అది కూడా మనతో విమానమెక్కి వస్తుందని ఆ నవంబరులో తెలిసింది.

ఆ ఇంటి పెద్దాయనకు ధబ్‌లంటే ప్రాణం. ధబ్ అంటే మూరెడు పొడవుండే ఎడారి బల్లి, తోక నిండా ముళ్ళు. పెరట్లో ఇసుక పోయించి, చుట్టూ జాలీ కట్టించి మూడింటిని పెంచుతున్నాడు. ఆయన వైద్యానికి వేరే దేశం వెళ్ళాడు. వాటి మేత బాధ్యత ఆ తరువాత వచ్చిన కొత్త పనిమనిషి మీద పడింది. ఆమెది కోనసీమ. భర్త పోయి ఏడాదయింది. పనిమనుషులను తెప్పించే ఆఫీసు ద్వారా వచ్చింది. గడువులోగా నచ్చకపోతే ఇంటివాళ్ళు మనిషిని అదే ఆఫీసుకు తిప్పి పంపేయవచ్చు. ఆమె గడువు ఇంకా తీరలేదు.

రెండు రోజులు వాన పడి చల్లబడింది. ధబ్‌లు మేత మానేశాయి. ఒకదాని వెనక ఒకటి బొరియల్లోకి దిగి, లోపలి నుంచే ఇసుకతో వాటి ద్వారాలు మూసేసుకున్నాయి.

అన్నమయ్య జిల్లా నుంచి వచ్చి పదేళ్ళుగా ఆ ఇంట్లో వంట చేస్తున్న అక్క వంటింట్లో తీర్పు చెప్పేసింది.

"ముండమోసినామె కాలు పెట్టినాంక ఈ ఇంట్లో ఒగటన్నా బాగుండాదా? పెద్దాయన ఆస్పత్రి పాలాయ. ఇప్పుడు ఇవి."

"పెద్దాయన పోయింది ఆమె రాకముందే కదక్కా," అన్నాను.

"పోయేది ముందే పోయినాడులే. తిరిగి రాకుండా ఉండేది ఈమె వచ్చినాంకనే."

కొత్తామె సింకు దగ్గర ఆకులు కడుగుతూనే అంది. "రోజూ కడిగే పెడతన్నానండీ. తినకపోతే నోట్లో కుక్కమంటారా?"

చలికాలంలో ఆ జీవాల ఒళ్ళు చల్లబడిపోతుందనీ, ఎండలు ముదిరేదాకా నేల కింద పడుకుంటాయనీ చెప్పాను. అక్క గరిటె ఆపలేదు. "అబ్బీ, ఆ ముచ్చట్లు మీ సభల్లో చెప్పుకో."

అక్క అక్కడితో ఆగలేదు. మేమంతా మామా అని పిలిచే ఇంటి యజమానురాలికి, అంటే పెద్దాయన కూతురికి, విధవ శకునమంటే అర్థం కాదని ఆమెకు తెలుసు. అందుకని మామా దగ్గరికి వెళ్ళి, కొత్తామెది చెడ్డ కన్ను, ధబ్‌లకు దిష్టి తగిలిందని అరబ్బీలో చెప్పింది. మన ఊరి మూఢత్వానికి కొత్త దేశంలో వేషం మార్చుకోవడానికి క్షణం పట్టలేదు. అయినా మామా తొందరపడలేదు. "ఒకటి రెండు రోజుల్లో మా నాన్న ఫోన్ చేస్తాడు, ఆయన్నే అడుగుదాం," అంది.

నేను ఆగలేకపోయాను. సభల్లో నాకు అబ్బిన పద్ధతి ఒకటే: కళ్ళ ముందు చూపించి నోరు మూయించడం. మర్నాడు పొద్దున్నే పార పట్టుకుని, అందరినీ పెరట్లోకి పిలిచి, మోచేతి లోతున బొరియ తవ్వి ఒక ధబ్‌ను బయటకు లాగాను. అది చల్లగా ఉంది. కళ్ళు మూసుకుని, తడిగుడ్డలా నా చేతిలో వేలాడింది.

"చచ్చిపోయింది," అంది మామా. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఒక్క గంట ఆగమని వెనకాలే వెళ్ళి బతిమాలాను. అప్పటికే ఆఫీసుతో ఫోన్‌లో మాట్లాడుతోంది.

ధబ్‌ను ఎండ పడుతున్న బండ మీద పెట్టి పక్కనే కూర్చున్నాను. గంట కాకముందే కన్ను తెరిచింది. తోకతో కొడితే నా మణికట్టు మీద రక్తం చిమ్మింది. అందరినీ మళ్ళీ పిలిచాను.

అక్క నడుము మీద చేతులు పెట్టుకుని చూసింది. "సూసినావా? ఆయమ్మిని పంపిచ్చాండారని తెలియంగానే లేచి కూచ్చునింది."

జీవితంలో చాలా వాదాలు విన్నాను. నా సాక్ష్యాన్నే మింగి బలిసిన వాదాన్ని మాత్రం అప్పుడే చూశాను. ధబ్ బతికినందుకు మామా దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంది. మరి ఆమెను ఉంచుకుంటారా అని అడిగితే, "ఖలాస్, ఆఫీసుకు చెప్పేశాను," అంది.

మిర్కాబ్‌లోని ఆ ఆఫీసుకు ఆమెను తీసుకెళ్ళింది నేనే. దారిలో షువైఖ్ దాటాక ఆమె అడిగింది.

"ఫోనొచ్చేదాకా ఆగుదామనే కదండీ మామా అంది?"

"అవును. కానీ నిజమేంటో వాళ్ళకు..."

"నిజం మిమ్మల్నెవరడిగారండీ? ఆవిడ తిట్టిన తిట్లకి నేనే ఊరుకున్నాను. మీకే ఆగలేదు."

ఆఫీసులో గుమాస్తా కాగితం నింపాడు. కారణం ఏమి రాశావని అడిగితే, పని చేతకాదని రాశానన్నాడు. మరేం రాస్తారు? దిష్టి అని ఎవరూ సంతకం పెట్టరు. పది చేతుల పని చేసే మనిషి ఈమె అని హిందీలో, అరబ్బీలో, వచ్చిన ఇంగ్లీషులో వాదించాను. అతను కిటికీలోంచి చూసి, బండి దారికి అడ్డంగా ఉంది, తియ్యమన్నాడు.

ఆమె బెంచీ మీద మిగతా ఆడవాళ్ళ పక్కన కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇంక మీరెళ్ళండి," అంది. "ఉంటే ఇక్కడ కూడా ఏదో ఒకటి రుజువు చేసేస్తారు."